స్లాబు మీద పది నిమిషాలు

2006 మార్చి, రెండో ఆదివారం, ఉదయం పది. ఉన్నవారు: నేను, మందమర్రి నుంచి వచ్చిన తోటి గుమస్తా, అతని భార్య.

కొట్టేసి దిద్దిన ఒక అంకె తప్ప, డైరీలో ఇంతే ఉంది. రిటైరయ్యాక ఎప్పుడు పాత డైరీలు తిరగేసినా ఈ పేజీని త్వరగా దాటేస్తాను. నా భార్య కూడా ఆ రోజు ఇంట్లోనే ఉంది. మా తలల మీదే, క్వార్టర్ స్లాబు మీద ఎండలో కూర్చుంది.

ఆమె చేతుల మీద తెల్లమచ్చలు వచ్చి అప్పటికి నాలుగేళ్లు. దవాఖానలో డాక్టరమ్మ ఒక లోషన్ ఇచ్చి, అది రాసుకుని సరిగ్గా పది నిమిషాలు ఎండలో ఉండాలని, ఎక్కువైతే చర్మం కాలుతుందని చెప్పింది. నేను బొగ్గుబాయి మీద కార్మికుల హాజరు మస్టర్లు రాసే గుమస్తాను. గడియారం చూసి ఆమెను కిందికి పిలవడం, నిమిషాలు డైరీలో వేయడం నా పని. రెండు నెలలకు మచ్చల నడుమ, రంగు తిరిగి వస్తున్న గుర్తుగా, ఆవగింజలంత నల్లని చుక్కలు మొలిచాయి. రోజూ పొద్దున వాటిని లెక్కపెట్టుకుని మురిసిపోయేది.

నిజానికి మంచి ఎండ వాకిట్లోనే పడేది. ఆమెను పైకి పంపింది నేనే. ఒక పేరంటంలో ఆమె ఇచ్చిన తాంబూలాన్ని ఒకావిడ చెయ్యి తగలకుండా కొంగుతో అందుకుందట. అది విన్నప్పటి నుంచి ఆ చేతులు నలుగురి కంట పడటం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ ఆదివారం ఆమె పైకెక్కిన ఆరో నిమిషంలో మందమర్రి వాళ్లు వచ్చారు. స్లాబు మెట్లు వాకిట్లోకే, మేం కూర్చున్న ముందుగది ఎదుటికే దిగుతాయి.

“అక్క ఏది అన్నా?” అంది గుమస్తా భార్య.

“బజారుకు పోయింది.”

“అయితే అక్క వచ్చినంకనే చాయ తాగి పోతం. నువ్వు పెడితే అది చాయనా, వేడినీళ్లు గద!”

అతను పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. పదో నిమిషం, ఇరవయ్యో నిమిషం గడియారంలో చూస్తూనే ఉన్నాను. వాళ్లు విసిగి లేచేసరికి యాభై అయ్యాయి.

ఆమె దిగివచ్చింది. చేతులకు చుట్టుకున్న పలుచని నూలు కొంగు ఎండను ఆపలేదు. మచ్చలన్నీ ఎర్రబడ్డాయి.

“నేను ఇంట్ల లేనని చెప్తివి గద,” అంది, నేను నోరు తెరవకముందే. “లేని మనిషి ఎట్ల దిగుతది?”

సాయంత్రం డైరీలో, ఎండ గడిలో, ఎప్పటిలాగే పది అని వేశాను.

మరునాడు పొద్దునకు రెండు చేతులా నీటి బొబ్బలు. దవాఖానకు పోయాం. డాక్టరమ్మ నా డైరీ చూసింది.

“పది నిమిషాలకే ఇంత కాలిందంటే ఈ మందు నీకు పడలేదమ్మా. ఆపేద్దాం.”

నా భార్య బొబ్బల మధ్య చుక్కల కోసం వెతుక్కుంది. “ఆయన తప్పు రాయడు మేడం,” అంది, నా వైపు చూడకుండా.

నేను డైరీ అడిగి తీసుకున్నాను. పది కొట్టేసి యాభై వేశాను. మస్టర్ దిద్దినప్పటిలాగే పక్కన సంతకం పెట్టాను.

“అంతసేపు ఎందుకు ఉంచారు?”

“ఇంటికి మనుషులొచ్చిండ్రు మేడం.”

“వస్తే?”

బొబ్బలు మానాక మందు మళ్లీ మొదలుపెట్టమని, ఈసారి గడియారం ఆమె దగ్గరే ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. అక్కడే నా చేతిది విప్పి ఇచ్చాను. చేతికి పెట్టుకోలేక ఆమె కొంగున కట్టుకోబోయింది. ఆ వేళ్లతో ముడి పడలేదు. నేను వేయబోతే కొంగు వెనక్కి లాక్కుని, పళ్లతో బిగించుకుంది.