మిస్సుకు చెప్పొద్దు

ఇన్నేళ్లుగా గొంతులో ఇరుక్కున్న ముల్లు ఇది. మింగుడుపడదు, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

సోలార్ పార్కు పక్క ఊళ్లో టీచర్ని. వేరుశనగ చేలు పోయి ప్యానెళ్లు వచ్చిన కొత్తలో, పిల్లల రక్షణ చట్టం గురించి పావగడలో మాకు శిక్షణ ఇచ్చారు. పిల్లల మీద ఎవరైనా చెయ్యి వేశారని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి, దాస్తే దాచినవాళ్లదీ నేరమే. బుద్ధిగా విన్నాను. మధ్యాహ్నం చిత్రాన్నం బాగుందని మెచ్చుకున్నాను కూడా. మర్నాడు క్లాసులో చెప్పాను: ముట్టకూడని చోట ఎవరైనా ముట్టుకుంటే, నమ్మకమున్న పెద్దవాళ్లకు చెప్పండి.

ఐదో తరగతి పిల్ల ఒకతి నన్ను నమ్మింది. పేరు రాయను. బయటపెట్టకూడదని చట్టం. ఆ ఒక్కటైనా పాటిస్తున్నాను, ఏం గొప్ప!

బెల్లు కొట్టి అందరూ వెళ్లాక ఆగింది. ప్యానెళ్లు కడిగే ఆడవాళ్ల సూపర్‌వైజరు పేరు చెప్పింది. వాళ్లమ్మ అతని కిందే పనిచేసేది.

"మిస్సూ, మీరే కదా చెప్పమనినారు," అంది, ఎక్కడ తిడతానోనని.

"మర్చిపో తల్లీ. ఎవురికీ చెప్పొద్దు. మీ అమ్మ పని పోతాది," అన్నాను.

వాళ్లమ్మ పని కోసమా? థూ! మా తమ్ముడికి అక్కడ సెక్యూరిటీ పని ఇప్పించింది అతనే. పిల్ల పరువు, ఊళ్లో గొడవ, కోర్టుల చుట్టూ తిరగడం అని తర్వాత ఎన్ని సాకులు చెప్పుకున్నా, ఆ నిమిషంలో నా కళ్ల ముందు మెదిలింది కొత్త యూనిఫాంలో ఉన్న మా తమ్ముడే.

కొన్నాళ్లకు పిల్లను బడి మాన్పించి, నిడుగల్లులో అవ్వ దగ్గరికి మేకలు కాయడానికి పంపేశారు. ఆ మాట విని ఊపిరి పీల్చుకున్నాను. అవును, హాయిగా. అతను ఇప్పటికీ జెండా పండక్కి బడికొచ్చి లడ్లు పంచుతాడు. నేను పక్కన నిలబడి పిల్లల చేత చప్పట్లు కొట్టిస్తాను. నన్నేమనాలి?

ఈ ఏడు ఆ పిల్ల చెల్లెలు నా క్లాసుకొచ్చింది. మళ్లీ అదే పాఠం. ఎవరికి చెబుతారంటే అందరూ "మిస్సుకు!" అని అరిచారు. ఆ ఒక్కతే తల వంచుకుంది. నువ్వెవరికి చెబుతావని అందరి ముందే ఆమెను అడిగాను.

"మా అక్కకి చెప్తా. మిస్సుకు మాత్రం చెప్పొద్దనింది అక్క."

క్లాసంతా నవ్వింది. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. అదీ రాసేశాను. గొంతు కాస్త తేలికైంది. ఆ తేలిక నాకే. నిడుగల్లులో ఉన్న ఆమెకు దీనివల్ల ఒరిగిందేమీ లేదు.