అన్వర్ భాయ్ షెడ్డు డబ్బు

2024 జూన్‌లో నన్ను బోధన్ శాఖకు సీనియర్ మేనేజర్‌గా వేశారు. పదవీ విరమణకు ఏడాది మిగిలింది. నిజామాబాద్ నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. ఆ వానాకాలం షేర్ మార్కెట్ ఎక్కుతూనే ఉంది. బ్యాంకుకు వచ్చిన పసుపు రైతు దగ్గర్నుంచి టీచరు దాకా అందరిదీ ఒకటే ప్రశ్న: ఉంచాలా, తీసేయాలా?

ప్రాంతీయ కార్యాలయం దానికి జవాబు ముందే రాసి పంపింది. ఆశ ఉన్నవాడికి ఇంకా పెరుగుతుందని చెప్పి మ్యూచువల్ ఫండ్‌లోనే ఉంచాలి. భయపడేవాడికి పడిపోతుందని చెప్పి, అయిదేళ్లు డబ్బు కదలని బీమా పథకంలోకి మార్చాలి. ఎటు తిరిగినా కమిషన్ బ్యాంకుకే. చదివిన రోజే ఒళ్లు మండింది. అయినా ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి ఊరుకున్నాను. అది నా తప్పు.

అన్వర్ భాయ్ చక్కెర ఫ్యాక్టరీ రోడ్డులో తలుపులు, మంచాలు చేసే వడ్రంగి. తొమ్మిదేళ్లుగా షేర్లలో పెట్టే ఫండ్‌లో నెలనెలా వేస్తున్నాడు. అతని కిరాయి షెడ్డును యజమాని అమ్మకానికి పెట్టాడు. ఉగాదిలోపు కొనకపోతే ఖాళీ చేయాలి.

"మార్కెట్ బాగ ఎక్కిందంటున్నరు సాబ్. షెడ్డు పోతే రంపం మిషన్ యాడ పెట్టుకోవాలె?" అన్నాడు.

షెడ్డుకు కావలసినంత ఇప్పుడే తీయమన్నాను. మిగిలింది ముసలితనానికి కాబట్టి, మార్కెట్ ఎక్కినా దిగినా ముట్టుకోవద్దన్నాను. రిడెంప్షన్ ఫారం, అంటే యూనిట్లు అమ్మి డబ్బు వెనక్కి ఇమ్మనే దరఖాస్తు, నేనే నింపించి సంతకం తీసుకున్నాను. మర్నాడు రెండు వారాల శిక్షణకు హైదరాబాద్ వెళ్లాను.

తిరిగి వచ్చిన రోజు అన్వర్ భాయ్ చేతిలో పాలసీ కాగితాలున్నాయి.

"షెడ్డుకు బయానా కట్టనీకి పైసలు తీద్దమని వస్తే అయిదేండ్లు రావంటున్నరు. మేనేజర్ సాబే గిట్ల చెయ్యమన్నడని మీ ఆఫీసరు చెప్పిండు. గందుకే సంతకం పెట్టిన."

ప్రాంతీయ కార్యాలయం పంపిన సేల్స్ అధికారి నా ఫారం పక్కన పడేసి, యూనిట్లన్నీ అమ్మించి, మొత్తం డబ్బును బీమాలో పెట్టించాడు. అదీ నా పేరు చెప్పి. పిలిచి నిలదీస్తే తల కూడా దించలేదు. "మార్కెట్ పడిపోతది సార్, ఆయన్ని కాపాడిన" అన్నాడు.

"షెడ్డు సంగతి అడిగినవా?"

"అడగలే."

చేతిలో ఉన్న పేపర్‌వెయిట్‌ను బల్ల మీద గట్టిగా పెట్టాను. అంతకన్నా ఏమీ చేయకుండా ఆపుకోవడం కష్టమైంది.

పాలసీ అందిన ముప్పై రోజుల్లోపు దాన్ని వాపసు చేసే హక్కు ఖాతాదారుకు ఉంటుంది. ఫ్రీ లుక్ అంటారు. దరఖాస్తు రాసి, అన్వర్ భాయ్‌కి చదివి వినిపించి, సంతకం తీసుకున్నాను. సాయంత్రంలోపే ప్రాంతీయ మేనేజర్ ఫోన్ చేశాడు. పాలసీ రద్దయితే శాఖ నంబర్లు పడిపోతాయని, రిటైరయ్యే ముందు ఇవన్నీ ఎందుకని అడిగాడు. దరఖాస్తు వెళ్లిపోయిందని, దానితోపాటే సేల్స్ అధికారి మీద రాతపూర్వక ఫిర్యాదు కూడా వెళ్లిందని చెప్పాను.

డబ్బు కొంత కోతతో తిరిగి వచ్చింది. ఆ కోత బ్యాంకే భరించాలని రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. చేయని తప్పుకు ఆ నష్టం అన్వర్ భాయే భరించాడు. షెడ్డు మాత్రం అతని పేర రిజిస్టరైంది. మిగిలినదాన్ని కొంచెం కొంచెంగా మళ్లీ ఫండ్‌లో వేయడం మొదలుపెట్టాడు. చలికాలంలో మార్కెట్ పడింది. కంగారుగా వచ్చాడు.

"ఇప్పుడు పైసలతోని అవసరమున్నదా?" అన్నాను.

"లేదు సాబ్."

"అయితే పని చూసుకోండి."

వెళ్లిపోయాడు. తీయలేదు.

నా ఫిర్యాదు మీద విచారణ జరగలేదు. ఆ అధికారికి పదోన్నతి వచ్చింది. నన్ను చివరి నెలల్లో తనిఖీ విభాగానికి మార్చారు. ఇది రాస్తున్నప్పుడు కూడా నా కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా అనుకోను.

మార్కెట్ మరీ ఎక్కువైందా అని ఇప్పటికీ అడుగుతారు. ముప్పై ఆరేళ్లు బ్యాంకులో పనిచేసినా నాకు తెలియదు, చెప్పగలనన్నవాడికీ తెలియదు. తెలుసుకోవలసింది ఆ డబ్బు ఎప్పుడు కావాలన్నది. ఏడాది రెండేళ్లలో కావాలంటే అది షేర్లలో ఉండకూడదు. పదేళ్ల దాకా అక్కర్లేదంటే మార్కెట్ ఎత్తు చూసి తీయకూడదు. ఈ ప్రశ్న అడగకుండానే సలహా ఇచ్చే అధికారి ఎదుట సంతకం పెట్టకండి.