ముందు రక్తం, తర్వాతే ఇంజెక్షన్

మా మరిదికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. చెరువులో నాలుగు రొయ్యలు గట్టువారకి వచ్చి నీరసంగా తిరిగితే చాలు, అతనికి అన్నం సయించదు. వాటిని ప్రాణంతోనే కవర్లో పట్టుకుని టౌన్లో ల్యాబ్‌కి పరిగెడతాడు. రిపోర్టు వచ్చేదాకా చెరువులో చిటికెడు మందు పడనివ్వడు. "ఏ జబ్బో తెలీకుండా మందు కొడితే జబ్బు దాక్కుంటుందండీ, చావదు," అని పక్క చెరువుల రైతులకి పాఠాలు చెబుతాడు. మాట మంచిదే. అది రొయ్యలకే తప్ప వదినలకి వర్తించదని నాకు జ్వరం వచ్చినప్పుడు తెలిసింది.

సాయంత్రమయ్యేసరికి వణుకుతో జ్వరం, నడుములో లోపలి నుంచి పొడుచుకొచ్చే నొప్పి. నాకు షుగర్ ఉంది, అరవై దాటాయి. పడుకున్నా, కూర్చున్నా తగ్గని నొప్పి ఇదని మా ఆయనకి చెప్పాను, మరిదికి చెప్పాను, మరిది వెంటబెట్టుకొచ్చిన ఆరెంపీ డాక్టరుకి చెప్పాను. గోడకి చెప్పినా ఒకటే. "ఆడాళ్ళకి నడుం నొప్పి మామూలేనండి," అన్నాడు ఆరెంపీ, సెలైన్ సీసా దోమతెర కర్రకి కడుతూ. కడుపు నొక్కి చూడలేదు. ఇంజెక్షన్ వేశాడు, కాఫీ తాగాడు, వెళ్ళాడు.

జ్వరం తగ్గింది. మరిది తనే తగ్గించినట్టు ఊరంతా చెప్పుకున్నాడు. మూణ్ణాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఇంజెక్షన్. నెల పైన ఇదే వరస.

"ఏవండీ మరిదిగారూ, మీ రొయ్యలతో పాటు నా రక్తం కూడా ఆ ల్యాబ్‌లో ఒక చుక్క ఇచ్చి రాకూడదా?" అన్నాను ఒకరోజు.

"రొయ్యకి నోరు లేదు కాబట్టి ల్యాబ్, వదినా. మీకా ఇబ్బంది లేదుగా."

మా ఆయన నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

చివరికి లేచి నిలబడలేకపోతే రాజమండ్రి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ నా కడుపు మీద చెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచింది. వెంటనే సీటీ స్కాన్ తీయించింది. గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం, బృహద్ధమని, దాని గోడకి బాక్టీరియా పట్టిందట. వయసుతో నాళం లోపల గరుకెక్కిన చోట, రక్తంలో తిరిగే క్రిమి అతుక్కుంటుందట, షుగర్ ఉన్నవాళ్ళకి మరీను. అక్కడ గోడ పుచ్చి, పలచబడి, ఒక పక్కకి బుడగలా ఉబ్బింది. అది పగిలితే మనిషి దక్కడం కష్టమని నా ఎదుటే చెప్పింది. నెల రోజుల్లో నాతో నా జబ్బు గురించి మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే.

ఏ క్రిమో తేల్చడానికి రెండు చేతుల నుంచీ రక్తం తీసి కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకి, పంపారు. ఏమీ పెరగలేదు.

"ఇంతకుముందు ఏ యాంటీబయాటిక్ ఇచ్చారు?" అని అడిగింది డాక్టరమ్మ. మా ఆయన మరిది వైపు చూశారు. మరిది ఆరెంపీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"మంచి పవర్‌ఫుల్‌దే ఇచ్చానండి," అన్నాడు ఆరెంపీ.

"పేరు చెప్పండి."

"ఎర్ర మూత సీసా అండి."

అరకొర మందుతో క్రిమి రక్తంలో కనపడకుండా పోయింది కానీ, నాళం గోడలో అలాగే ఉందని డాక్టరమ్మ చెప్పింది. మందు ఆపి మళ్ళీ పరీక్ష చేసేంత వ్యవధి లేదు. క్రిమి ఏదైనా పనిచేసేలా రెండు మూడు మందులు కలిపి మొదలుపెట్టి, పొట్ట కోసి, పుచ్చిన ముక్క తీసేసి, దాని చోట గుడ్డలా నేసిన గొట్టం కుట్టారు. తీసిన ముక్కలో దొరికింది క్రిమి. సాల్మొనెల్లా, టైఫాయిడ్ క్రిమికి చుట్టం. దానికి తగిన మందు వారాల తరబడి నరంలోకి ఎక్కించి, తర్వాత నెలల తరబడి మాత్రలు మింగించారు.

ఇంటికొచ్చాక, చూడ్డానికి వచ్చినవాళ్ళకి మరిది చెప్పిన మాట ఇది: "మొదట్లో మనం ఇంజెక్షన్లు వేయించబట్టి అప్పటిదాకా ఆగిందండీ. లేకపోతే వదిన దక్కేది కాదు." పళ్ళూ బ్రెడ్డూ తెచ్చినవాళ్ళందరూ తలలూపారు. పక్క మంచం మీదే ఉన్న నన్ను ఒక్కరూ అడగలేదు.

పంపించేటప్పుడు డాక్టరమ్మ ఒక మాట గట్టిగా చెప్పింది. మాత్రలు ఆపాక ఎప్పుడు జ్వరం వచ్చినా, కొత్త గొట్టానికి మళ్ళీ పట్టిందేమో చూడాలి. అందుకని ముందు రక్తం, తర్వాతే ఇంజెక్షన్.

మాత్రలు ఆపేసిన కొన్నాళ్ళకి, మొన్న వర్షాల్లో జ్వరం వచ్చింది. ఒళ్ళు వణికింది, సగం జ్వరంతో, సగం భయంతో. కారు పిలిపించేలోపే మరిది గుమ్మంలో ఉన్నాడు, వెనక సంచీతో ఆరెంపీ.

"ఒక్క ఇంజెక్షన్ వేయించుకుని వెళ్దాం వదినా. దారిలో తట్టుకోవాలిగా."

"మీరు వేయించుకోండి. నేను వెళ్ళొస్తాను."

"మంచికి వచ్చినవాళ్ళని గుమ్మంలో నిలబెడతావా?" అన్నారు మా ఆయన.

"లోపల కూర్చోబెట్టండి. పాలు స్టవ్ మీదున్నాయి, కాఫీ కలిపివ్వండి."

కారెక్కాను. మా ఆయన చెప్పులేసుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. గోదావరి మీద సిద్ధాంతం వంతెన దాటాక, "వాడు బాధపడ్డాడు," అన్నారు. "పడనివ్వండి," అన్నాను.

ఆస్పత్రిలో రక్తం తీశాకే మందు మొదలుపెట్టారు. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. స్కాన్‌లో గొట్టం శుభ్రంగా ఉంది. డెంగీ అని తేలాక ఆ మందు కూడా ఆపేశారు.

"చూశారా, లోపల ఏమీ లేదు. ఊరికే కంగారు పడ్డారు," అన్నాడు మరిది ఫోన్‌లో.

మొదటిసారీ కల్చర్‌లో ఏమీ లేదనే వచ్చింది. అప్పుడు లోపల గోడ పుచ్చిపోతూ ఉంది. ఈసారి ఏమీ లేదంటే నిజంగా ఏమీ లేనట్టే, ఎందుకంటే చూసేలోపు ఎవరూ మందేసి దేన్నీ కప్పెయ్యలేదు. ఈ తేడా అతనికి చెప్పొచ్చు. అంత ఓపిక అతని మీద ఖర్చుపెట్టడం దండగ. ఫోన్ మా ఆయన చేతికిచ్చి, గోడవైపు తిరిగి, చాలాకాలం తర్వాత భయం లేకుండా నిద్రపోయాను.