సుంకమ్మ దవడపన్నుకు నల్ల సిమెంటు

1954 వానకాలం మొదట్లో నన్ను కర్నూలుకు దంతవైద్యురాలిగా వేశారు. నెలకొకసారి కోయిలకుంట్లలో క్యాంపు చేయాలని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. క్యాంపు అంటే ఒక చెక్క కుర్చీ, కాలితో తొక్కితే తిరిగే డ్రిల్లు, పళ్లు తీసే ఫోర్సెప్సు పెట్టె, నేను. డ్రిల్లు చాలామటుకు మూలనే ఉండేది. నొప్పి పట్టలేనంత అయ్యాకే వచ్చేవారు. అప్పటికి నింపడానికి పన్నులో ఏం మిగిలి ఉంటుంది? పీకి పంపేదాన్ని.

ఈ వృత్తిలో లేనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఆరో ఏట పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద దవడపన్ను లేస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి తల్లులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చితే, ఊడిపోయేదే కదా అని ఊరుకుంటారు. అది ఊడేది కాదు, పోతే మళ్లీ వచ్చేదీ కాదు. నమిలే వైపు దానికి నాగటి చాళ్లలా సన్నని గాళ్లుంటాయి. వేపపుల్ల పీచు వాటిలో దూరదు, బెల్లం మాత్రం దూరుతుంది.

ఎనిమిదేళ్ల సుంకమ్మను వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, నాగమ్మ తీసుకొచ్చేటప్పటికి కింది కుడి దవడపన్ను సగం కరిగిపోయింది. తీసేశాను. ఎడమవైపుది బాగానే ఉంది కానీ, ప్రోబు అనే సూదిమొన దాని గాళ్లలో కొద్దిగా పట్టుకుంటోంది. ఈసారి నల్లమచ్చ కనబడితే ఆలస్యం చేయవద్దని, చేస్తే దాన్నీ పీకవలసి వస్తుందని నాగమ్మకు గట్టిగా చెప్పి పంపాను.

ఆ పన్ను పుచ్చకముందే గాళ్లు పూడ్చేద్దామని నా ఆలోచన. అందుకు రాగి కలిసిన సిమెంటు ఉండేది, నల్లగా ఉంటుంది. లేని రోగానికి సర్కారు సిమెంటు ఖర్చు పెడతావా అని పైఅధికారి అడిగారు. మశూచికి టీకాలు వేయించడం ఏ ఉన్న రోగానికండీ అని నేనూ అడిగాను. ఆ వాదన చాలాసేపు నడిచింది. చివరికి ఆయన విసుగుతో ఒప్పుకున్నారు. నాకు ఒప్పుకోవడం చాలు, సంతోషంగానా విసుగుతోనా అన్నది అనవసరం.

మరుసటి క్యాంపులో సుంకమ్మను కూర్చోబెట్టాను. పని చిన్నది, తడితోనే పోరాటం. పన్నుకు అటూ ఇటూ దూది చుట్టలు పెట్టి, రబ్బరు తిత్తితో గాలి కొట్టి ఆరబెట్టాలి. పొడినీ ద్రవాన్నీ గాజుపలక మీద కలపాలి. మన ఎండలకు అది కలుపుతుండగానే గట్టిపడుతుంది గనుక పలకను కుండనీళ్లలో చల్లబరచి తుడిచేదాన్ని. గాళ్లలో సిమెంటు అదిమి, బిగిసేదాకా వేలుతో పట్టుకున్నాను. పిల్ల నాలుక కూడా కదపలేదు.

పై నెల నాగమ్మ గెలిచినదానిలా వచ్చింది.

"సూడు డాక్టరమ్మా, యాడన్నా నలుపుండాదేమో! తుమ్మముల్లుతో అంతా గీకి పారేసినా. ఇంగ దీన్ని పీకే పనిల్యా."

నాకు ఒళ్లు మండింది. "అది పుప్పి కాదవ్వా, నేను పెట్టిన మందు! ముల్లు పెట్టి కెలికేదానికి అది పాప నోరనుకుంటివా, నీ అరికాలనుకుంటివా?"

ఆమె తగ్గలేదు. "నల్లగుంటే పీకుతానంటివి. మళ్లా నువ్వే నల్లగ పూస్తివి. నేనేమనుకోవల్ల?"

కుర్చీలోంచి సుంకమ్మ అంది: "నేను ఏడ్సలేదు. జేజే ఏడ్సుకుంటా గీకింది."

నాగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పన్ను చెడిపోయిందా తల్లీ?" అంది.

అద్దం పెట్టి చూశాను. ముల్లు గీతలు చిగుళ్ల మీద ఉన్నాయి, పన్ను మీద లేవు. ప్రోబు మునుపటికంటే లోతుకు దిగలేదు. "చెడలేదవ్వా," అన్నాను. సిమెంటు మళ్లీ పెట్టడానికి పలకను కుండనీళ్లలో వేశాను.

పని అవుతుంటే ఆమె అడిగింది. "ఈ నల్లది ఎన్నాళ్లుంటాది?"

"ఏడాదుంటే గొప్ప."

"ఏడాదికేనా ఇంత రాద్ధాంతం!"

"మీ మిద్దె మీద చవుడు ఎన్నేండ్లకొకతూరి ఏస్తారు?" మాది కడప. వాన కారకుండా పైన చవుడు మన్ను పరిచే మట్టిమిద్దెల సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"యాటా ఎయ్యల్ల. వానలకు ముందర ఎయ్యకుంటే ఇల్లంతా కారదూ?"

"ఇదీ అంతే. కారకముందే పూయల్ల. అరిగినాక మళ్లా పూయల్ల."

నాగమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ మాట మొదుటే చెప్పేదానికి నీకేం రోగం? శానా సదువుకున్నావంట!"

అప్పటినుంచి ఏటా మిద్దెకు చవుడెత్తే ముందు ఆమె మనవరాలిని తీసుకొచ్చేది. ఒక్కో ఏడు సిమెంటు సగం ఉండేది, ఒక ఏడు గాళ్ల అడుగున నల్లని గీత మాత్రమే మిగిలింది. పన్ను మాత్రం గట్టిగానే ఉంది. నేను కడపకు బదిలీ అయ్యాక 1958లో బస్సు మీద అక్కడికే వచ్చారు. సుంకమ్మకు పన్నెండేళ్లు. నేను పరీక్ష మొదలుపెట్టకముందే నాగమ్మ పిల్ల దవడ తనే పట్టి తెరిచింది.

"దాని యెనక ఇంగోటి లేస్తాండాది, సూడు. దానికి గూడా నల్లది పెట్టు. ముల్లు నేను ముట్టన్లే."

రెండు పళ్లకూ పెట్టి పంపాను.

ఇప్పుడు పన్ను రంగులోనే కలిసిపోయే కొత్త పూతలు వస్తున్నాయని, అవి సిమెంటు కంటే ఎక్కువకాలం నిలుస్తాయని చదువుతున్నాను. నిలవనీ, మంచిదే. అవీ ఏదో ఒక రోజు అరుగుతాయి. పూత ఎలా కనబడుతుందో, ఎప్పటికి ఊడుతుందో పెట్టేరోజే చెప్పాలని, మళ్లీ రమ్మనే కాలాన్ని వాళ్లింటి పనితో ముడిపెట్టి చెప్పాలని ఆ జేజితో వాదించాక నేర్చుకున్నాను. చీటీ మీద తారీఖు రాసిచ్చినవాళ్లలో చాలామంది రాలేదు. చవుడెత్తే ముందు రమ్మన్నవాళ్లలో ఎక్కువమంది వచ్చారు.