తళతళలాడిన గొట్టం

మా అన్నయ్యని తుపాకుల క్లబ్బులో అందరూ ఒంటికన్ను మేస్త్రీ అనేవారు. ఆయనకి రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి. ముప్ఫయ్యేళ్ళుగా ఒక కన్ను మూసి గురి చూసీ చూసీ, అన్నం తినేటప్పుడు కూడా ఆ కన్ను సగం మూసే ఉండేది. పాయింట్ ట్వంటీటూ రైఫిళ్ళని, అంటే చిన్న తూటా తుపాకుల్ని, గురికి సరిచేయడం ఆయన పని.

కొత్త రైఫిల్ కొనేవాళ్ళంతా ఆయన్నే అడిగేవారు. "చెక్క నునుపు చూసి పడిపోకండి. ట్రిగ్గర్ మెత్తగా ఉందా, గొట్టం చెక్కకి ఎక్కడైనా ఒరుసుకుంటోందా, అది చూడండి" అనేవాడు. తూటాల దగ్గరైతే మరీ చాదస్తం. ఐదారు రకాలు తెచ్చి, రకానికి ఐదు చొప్పున కాగితం మీద కాల్చేవాడు. ఏ రకం చిల్లులు దగ్గర దగ్గరగా పడితే, ఆ తుపాకీకి ఇక అదే.

"ఖరీదుతో పని లేదురా. తనకి ఏ మేత పడుతుందో తుపాకీయే చెబుతుంది."

కొత్తగా వచ్చిన సెక్రటరీకి క్లబ్బులోని పాత రైఫిలూ నచ్చలేదు, దాన్ని సాకిన మా అన్నయ్యా నచ్చలేదు. ఇద్దర్నీ వదిలించుకుందామన్నాడు. కమిటీలో ఒక పెద్దాయన అడ్డుపడితే, చివరికి ఒక షరతు పెట్టారు. ఆదివారం పొద్దున అందరి ముందూ ఆ రైఫిల్‌తో ఐదు తూటాలు కాల్చాలి. ఐదూ కోటు గుండీ అంత సున్నాలో పడితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే ఇద్దరూ ఇంటికే.

శనివారం సాయంత్రం అన్నయ్య కోసం క్లబ్బుకి వెళ్ళాను. ఆఫీసులో ఏదో సంతకానికి పిలిస్తే, "చూస్తూ ఉండరా" అని వెళ్ళాడు. రైఫిల్ బల్ల మీద ఉంది. గొట్టంలోకి చూస్తే నల్లగా మసి. నాది సైకిళ్ళ షాపు, మురికి కనబడితే నా చేతులు ఊరుకోవు. రేపు నలుగురూ చూస్తారు కదా అని, నూనె గుడ్డతో నాలుగు సార్లు తోమి, అద్దంలా చేసి పెట్టాను. మెచ్చుకుంటాడులే, పొద్దున చెబుదామనుకున్నాను.

ఆదివారం మొదటి తూటా కాగితం అంచుకి పోయింది. అన్నయ్య రైఫిల్ తెరిచి వాసన చూశాడు. తల తిప్పి నా వైపు చూశాడు.

"అయ్యా, ఓ పదిహేను తూటాలు ఊరికే కాల్చనివ్వండి. తుడిచిన గొట్టం వెంటనే కుదురుకోదు. లోపల మళ్ళీ తూటాల మైనం పూత పట్టాలి."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మేస్త్రీ! కానివ్వు, కానివ్వు" అన్నాడు సెక్రటరీ. పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు.

రెండోదీ మూడోదీ బయటే. నాలుగోది సున్నా గీతని తాకింది. ఐదోది నట్టనడుమ పడింది. అప్పటికి లెక్క అయిపోయింది.

దారిలో అన్నాను, "అన్నయ్యా, నేనే..."

"తెలుసురా."

"మరి వాళ్ళకి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? తుపాకీని నీకొదిలేసి వెళ్ళానని చెప్పనా? అది ఇంకా పెద్ద తప్పు." మళ్ళీ తనే, "బాగా తుడిచావులే. మసి నలుసు కూడా మిగల్లేదు" అన్నాడు. ఆ మాట కన్నా తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రైఫిల్‌ని ముక్కలుగా కోసేశారట. అన్నయ్య ఇప్పుడు ఒక గోడౌన్ గేటు దగ్గర కూర్చుని లారీల నంబర్లు రాస్తున్నాడు. అన్నం తినేటప్పుడు రెండు కళ్ళూ తెరిచే తింటాడు. వదిన అది చూడలేక, వడ్డించి లోపలికి వెళ్ళిపోతుంది.