గట్టు మీద ఐదు పసుపు పిట్టలు

మా సారు పోయారు. పక్షుల సర్వేలో మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందన్న ఆనందం పట్టలేక, మిఠాయి పొట్లంతో రాయచూరులో ఆయన ఇంటికే బయల్దేరాను. సింధనూరు బస్టాండులో ఉండగా ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. పొట్లం బెంచీ మీదే వదిలేసి బస్సెక్కాను.

ఏడో తరగతితో చదువాపేసిన రైతును నేను. పెద్ద మాటలు రావు. మా అమ్మాయి ఈరోజు ఇంత మనిషైందంటే అది సారు చలవే. వెయ్యిసార్లు చెప్పమన్నా ఇదే చెబుతాను.

బాళగనూరు హైస్కూల్లో ఆమెకు సైన్సు చెప్పారాయన. రిటైరయ్యాక కూడా చలికాలం ఆదివారాలన్నీ మా మడిగట్ల మీదే గడిపేవారు. వలస వచ్చే, తోకాడించే పసుపు పిట్టల కోసం. అవన్నీ ఒకటే జాతి, అందులో మళ్లీ ఉపజాతులట. చలికాలంలో అన్నీ ఒకేలా ఉంటాయి. మార్చిలో, తిరిగి వెళ్లేముందు, మగవాటి తలలకు రంగొస్తుంది. కొన్నిటికి నలుపు, కొన్నిటికి బూడిద. అప్పుడు కూడా ఎండ పడే తీరును బట్టి బూడిద నల్లగా కనబడి మోసం చేస్తుంది.

ఒకసారి అమ్మాయి "నల్లతల" అని రాస్తుంటే పెన్ను లాక్కున్నారు.

"ఏంది పిల్లా, తల చూసినవా, నీడ చూసినవా?"

"నల్లగానే ఉంది సార్!"

"ఎండకు ఎదురుంగ చూస్తే నా బట్టతల గూడ నల్లగనే కొడ్తది. జర ఆగు, సబర్ చెయ్యి. తెల్వకుంటే తెల్వదని రాయి. అది రాసుడు గూడ చదువే."

పడీపడీ నవ్వాం.

మూడేళ్ల కిందట మార్చిలో మా గట్టు మీద ఐదు పిట్టలు చచ్చిపడ్డాయి. సారు తువ్వాలు పరిచి వరుసగా పెట్టారు. రెక్కలు విప్పి, తలలు తిప్పి చూశారు.

"ఇది నల్లతల. ఈ నాలుగు బూడిద తలలు. ఇగ అనుమానం లేదు."

అనుమానం లేకుండా చెప్పాలని ఆయన అన్నేళ్లు ఎదురుచూసిన మాట అది. ఆ గొంతులో సంతోషం లేదు. తర్వాత నన్నడిగారు.

"గుళికల మందు ఏమన్న చల్లినవా అయ్యా?"

కాండం తొలిచే పురుగుకని ముందురోజే చల్లాను, చెప్పిన మోతాదుకు రెట్టింపు. అమ్మాయి పక్కనే నిలబడి ఉంది.

"లేదండి సారూ. కాలవ నీళ్లలో ఏదో కొట్టుకొచ్చుంటుందండి."

నా ముఖం వంక కాసేపు చూసి, పుస్తకంలో ఏదో రాసుకున్నారు. ఆ తర్వాత కూడా మా ఇంట్లో అన్నం తిన్నారు, నా భుజం తట్టారు, ఆ ఊసెత్తలేదు. మరుసటి ఏడు నుంచి గుళికలు మానేశాను. నిజం చెప్పే ధైర్యం మాత్రం ఆయన బతికుండగా రాలేదు.

పోయిన ఆదివారం పొలంలో అమ్మాయికి చెప్పేశాను.

"ఈ మూడేళ్లూ సారు కాలవ నీళ్లు సీసాల్లో పట్టించి పరీక్షకు పంపుతూ వచ్చారు నాన్నా. పట్టింది నేనే. ప్రతిసారీ ఏమీ లేదనే వచ్చేది. అయినా మళ్లీ పట్టమనేవారు."

"ఎందుకమ్మా?"

"నేనూ అదే అడిగాను. 'మీ నాయన చెప్పిండు గదా పిల్లా' అన్నారు."

బైనాక్యులర్ ఆమె మెడలోనే వేలాడుతోంది, కళ్లకు పెట్టుకోలేదు. గట్టు వెంట నడిచి వెళ్లిపోయింది. ఆమె అడుగుల ముందు పసుపు పిట్టలు లేచి, నాలుగు బారల అవతల వాలుతున్నాయి. ఆమె దగ్గరయ్యేసరికి మళ్లీ లేస్తున్నాయి.