రంగు చెదరకుండా

మా పిన్ని ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. పనికి మోటారు సైకిల్ మీద వెళ్లేది. ఆ బండి టాంకుకు రంగు వేసింది బాబాయే. ఆయన బళ్లకు రంగులు కొట్టే షెడ్డులో పనివాడు. డబ్బాల అడుగున మిగిలినవన్నీ ఒకదాంట్లో ఒకటి ఒంపి ఆ రంగు తయారుచేశాడు. అది నీలమో ఆకుపచ్చో ఎవరూ తేల్చి చెప్పలేకపోయేవారు. తెల్లవారుతుండగా నీళ్ల మీద కాసేపు ఉండి మాయమయ్యే రంగది. మళ్లీ కలపమంటే బాబాయి బుర్ర గోక్కునేవాడు.

ఆ ఏడు వానలకు, టాంకుకు రెండువైపులా మోకాళ్లు ఆనించుకునే రబ్బరు పట్టీలు ఊడిపోయాయి.

"ఇంతేనా? చిటికెలో పట్టేసే జిగురుంది, ఉండు" అని బాబాయి లేచాడు.

పిన్ని టాంకుకు అడ్డంగా నిలబడింది. "ముందు వేరే దేని మీదైనా వేసి చూడాలి."

"రంగేసింది నేనే కదే!"

"వేశావు. మళ్లీ వెయ్యగలవా మరి?"

బాబాయి మళ్లీ కూర్చున్నాడు.

అదే రంగు పూసిన, బండి పక్కన బిగించే పాత మూత ఒకటి, పగిలిపోయి అటక మీద పడుంది. పిన్ని దాన్ని దింపి తుడిచి, దాని మీద ఒక టైరు ట్యూబు ముక్కను ఆ చిటికె జిగురుతో అంటించింది. పొద్దున చూస్తే ముక్క చుట్టూ రంగు మీద బూజు పట్టినట్టు తెల్లటి మరక. ఎంత తుడిచినా పోలేదు. తర్వాత చెప్పులు అతికించే జిగురు తెచ్చింది. పట్టు గట్టిగానే ఉంది గానీ, ముక్కను లాగితే మెత్తబడిన రంగు దాంతోపాటే పొరలా లేచి వచ్చింది. ఎవరో తన చెంప గిల్లినట్టు పిన్ని ఉలిక్కిపడింది.

ఆ రోజుల్లో పనిలో ఉన్నా ఆమె మనసు అక్కడే. ఇస్త్రీ ఆవిరి లేస్తుంటే తెల్లటి దుప్పట్లు చెరువుల్లా పరుచుకునేవి. వాటి అడుగున ఆ రంగు మెల్లగా కదులుతున్నట్టుండేది.

"ఏ లోకంలో ఉన్నావే? దుప్పటి మాడుతోంది!" అని పక్క బల్ల దగ్గరి అక్క అరిస్తే గానీ ఈ లోకంలోకి వచ్చేది కాదు.

చివరికి బళ్ల సామాన్ల కొట్టుకు వెళ్లి, మూత చూపించి అడిగింది. కొట్టాయన మరకలను వేలితో తడిమాడు.

"రంగు మీద ఈ జిగుర్లు పనికిరావమ్మా. రెండువైపులా అంటుకునే నురగ టేపు తీసుకో. కారు తలుపుల మీది పట్టీలు దాంతోనే నిలబడతాయి. వద్దనుకున్న రోజున వేడిగాలి తగిలించి, సన్న దారంతో కోస్తే ఊడొస్తుంది."

"మరి రంగు?"

"దానికి తెలియను కూడా తెలియదు."

పిన్ని ఆ మాటనూ నమ్మేయలేదు. టేపు ముక్కను మూతకు అంటించి, ఓ రోజు ఆగి, ఆయన చెప్పినట్టే కోసింది. మిగిలిన జిగురును బొటనవేలితో ఉండచుట్టి తీసేసింది. కింద రంగు నిద్ర లేవని పసిపిల్లలా ఉంది. పిన్ని ఒక్కతే నవ్వుకుంది.

సెలవు రోజున టాంకును స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చింది. జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో కాస్త వెచ్చబెట్టి, టేపు వేసిన పట్టీలను అతికించింది. తర్వాత రెండు అరచేతులతో అటూ ఇటూ అదిమిపట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడిపోయింది.

"దానికేమైనా జ్వరమొచ్చిందా?" అన్నాడు బాబాయి.

పట్టు కుదిరేదాకా బండిని కదపకూడదని మర్నాడు బస్సెక్కింది. కిటికీకి నుదురు ఆనించి కూర్చుంటే వీధులు ఎవరికో వస్తున్న కలలా జారిపోయాయి. దిగాల్సిన చోటు కూడా దాటిపోయింది.

ఆ మర్నాడు బండి తీసింది. సన్నగా జల్లు పడుతున్నా తొందరపడలేదు. రబ్బరు పట్టీలు మోకాళ్లకు మెత్తగా ఆనుతున్నాయి. హోటల్ మలుపు వచ్చింది. బండిని తిప్పకుండా నేరుగా పోనిచ్చి, వంతెన దాటి, ఏటి గట్టు వెంట చాలాదూరం తిరిగి హోటల్‌కు వచ్చింది.

"ఇంత ఆలస్యమైందేం?" అని అడిగాడు ఇస్త్రీ గది మేస్త్రీ.

"దారి బాగుందండీ" అంది పిన్ని, ఇస్త్రీ పెట్టె అందుకుంటూ.